కుడుక అనుకున్నారు: ఒక స్ట్రోక్ ప్రాజెక్టు డైరీ

జూన్ 3, మంగళవారం

స్ట్రోక్, అంటే పక్షవాతం వచ్చినవాళ్లు ఆలస్యం కాకుండా వైద్యానికి చేరేలా మేం మొదలుపెట్టిన ప్రాజెక్టుకి ఈ డైరీ రాయమన్నది మా న్యూరాలజిస్టు గారు. "మీటింగ్ రిపోర్టుల్లో అంతా బాగున్నట్టే ఉంటుంది సిస్టర్. ఏది చెడిపోయిందో మీరు విడిగా రాసిపెట్టండి" అన్నారు. సరే, చెడిపోయిన దానితోనే మొదలుపెడతాను. చెడగొట్టింది కూడా నేనే.

మూడు నెలల కిందటి మాట. ఆదివారం పొద్దున ఆరున్నర, నైట్ డ్యూటీ అయిపోవస్తోంది. ఒక సెంట్రింగ్ మేస్త్రీని ఆటోలో వేసుకొచ్చారు. మందు వాసన గుప్పుమంటోంది. మాట ముద్దగా ఉంది, చొక్కా నిండా వాంతి. ట్రయాజ్ షీటు (ఎవరిని ముందు చూడాలో తేల్చే కాగితం) మీద "తాగి ఉన్నాడు, అబ్జర్వేషన్" అని నా చేత్తో నేనే రాశాను. పక్కకి తిప్పి పడుకోబెట్టి, సెలైన్ పెట్టించి, వేరే పేషెంటు దగ్గరికి వెళ్లిపోయాను. ఎనిమిదింటికి డ్యూటీ మారడానికి వచ్చిన చిన్న సిస్టర్ దుప్పటి సర్దుతూ, "అక్కా, ఈయన కుడి చెయ్యి కదలడం లేదు" అంది.

భార్యది కదిరి దగ్గర పల్లె. బయట మెట్ల మీద కూర్చుని ఉంటే వెళ్లి అడిగాను. "రాత్రి పదింటికి వచ్చినాడు మేడం. అప్పుడే నోరు వంకర పోయింటాది. తాగినాడు కదా, పడుకుంటే దిగిపోతాదిలే అని ఇడిసిపెట్టినాం" అంది. మా గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన కూడా "కుడుక", అంటే కన్నడంలో తాగుబోతు, అని కాసేపు పక్కన కూర్చోబెట్టాడట. అంటే ఇంట్లో వాళ్లు, గార్డు, నేను, ముగ్గురమూ ఒకే మాట అనుకున్నాం.

స్ట్రోక్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోయిన వాళ్లు. మిగతావాళ్లకి నరం చిట్లి రక్తం కారుతుంది. గడ్డ కరిగించే మందు మామూలుగా స్ట్రోక్ మొదలైన నాలుగున్నర గంటల్లోపే పని చేస్తుంది. పెద్ద నాళంలో గడ్డని తీగతో లాగేసే థ్రాంబెక్టమీకి, స్కాన్ బాగుంటే కొందరికి 24 గంటల దాకా అవకాశం ఉంటుంది. ఈయన స్కాన్ బాగాలేదు. మందు గడువు ఎలాగూ మా గేటుకి రాకముందే దాటిపోయింది. ఇందులో నా వాటా ఆ గంటన్నర మాత్రమే. చికిత్స అందని స్ట్రోక్‌లో నిమిషానికి 19 లక్షల నాడీకణాలు పోతాయని పుస్తకాల్లో ఉంటుంది. గంటన్నరకి 17 కోట్లు. ఈ లెక్క వెయ్యకుండా ఉండాల్సింది.

జూన్ 11, బుధవారం

మొదటి మీటింగు. ఉన్నది మూడు పక్షాలు. మా ఆసుపత్రి ఒకటి. బెంగళూరు వర్తూరు వైపు లేబర్ షెడ్లలో పిల్లలకి బడి నడిపే స్వచ్ఛంద సంస్థ ఒకటి. బాగేపల్లి వైపు సరిహద్దులో ఉన్న తాలూకా ఆసుపత్రి నుంచి ఫోన్‌లో ఒక డాక్టరు గారు. బాగేపల్లి కర్ణాటకే అయినా అక్కడ ఇంటి భాష తెలుగే. కాబట్టి మీటింగు ఇంగ్లీషులో మొదలై, పది నిమిషాలకి కన్నడంలోకి, టీ వచ్చేసరికి తెలుగులోకి దిగింది.

ఇలా ప్రాంతం మొత్తాన్ని ఒక ముడిగా కట్టడం కొత్తేమీ కాదు. లండన్ 2010లో నగరం మొత్తానికి 8 పెద్ద స్ట్రోక్ యూనిట్లు పెట్టి, అంబులెన్సు దగ్గర్లో ఉన్న ఆసుపత్రిని దాటేసి అయినా సరే అక్కడికే వెళ్లాలని రూలు చేసింది. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్ 2014లో సీటీ స్కాన్ ఉన్న జిల్లా ఆసుపత్రులను న్యూరాలజిస్టులతో ఫోన్ల ద్వారా కలిపింది. స్కాన్ బొమ్మలు వాట్సాప్‌లో వెళ్లేవి, మందు అక్కడే పడేది. కొండల్లో అది కుదిరితే హైవే పక్కన కుదరదా అనేది మా డాక్టరు గారి వాదన.

తాలూకా డాక్టరు గారు మొహమాటం లేకుండా చెప్పారు. "సార్, మా దగ్గర సీటీ లేదు. పేషెంటు వస్తాడు. బీపీ చూస్తాం, లెటర్ రాస్తాం, అంబులెన్సు పిలుస్తాం. ముప్పావు గంట ఎగిరిపోతుంది. ఆ టైంలో మేం చేసే వైద్యం ఏమీ లేదు."

దీని మీద చాలాసేపు నడిచింది. ఎవరో గుండెపోటు పథకం తెచ్చారు. కర్ణాటకలో పునీత్ రాజ్‌కుమార్ పేరు మీద హృదయ జ్యోతి ఉంది కదా, తాలూకాలో ఈసీజీ తీసి జయదేవ ఆసుపత్రికి పంపితే అక్కడి డాక్టర్లు చూసి చెబుతారు, మనమూ అలాగే చేద్దాం అని. చేద్దామనే నాకూ ఉంది. కానీ ఈసీజీ మిషన్ సంచిలో పడుతుంది, సీటీకి ఒక గది కావాలి. మెదడులో గడ్డో రక్తస్రావమో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు. రక్తం కారుతున్న మెదడుకి గడ్డ కరిగించే మందిస్తే మనిషి పోయే ప్రమాదం ఉంది. ఆస్పిరిన్ బిళ్ల కూడా స్కాన్‌కి ముందు వద్దు. పల్లెల్లో నాలుక కింద బీపీ మాత్ర పెట్టి ప్రెజర్ ఒక్కసారిగా దించేసే అలవాటు ఇంకా ఉంది, అది అసలే వద్దు.

చివరికి తేలింది ఒక్క వాక్యం: సీటీ లేని చోట ఆగొద్దు. తాలూకా వాళ్లు చెయ్యాల్సింది మూడు పనులు. వేలికి గుచ్చి షుగర్ చూడటం, ఎప్పుడు మొదలైందో కనుక్కోవడం, మాకు ఫోన్ చెయ్యడం. లెటర్ తర్వాత వాట్సాప్‌లో పంపినా చాలు. ఈ "తర్వాత" అన్న మాటని రెండు ఆసుపత్రుల ఆఫీసులతో ఒప్పించడానికే ఇంకో పది రోజులు పట్టేలా ఉంది.

జూన్ 26, గురువారం

డ్రిల్. మా వార్డు బాయ్ పేషెంటు వేషం కట్టాడు. గేటు దగ్గర ఎంత బాగా పడిపోయాడంటే, టీ కొట్టు ఆయన నిజమనుకుని నీళ్లు తెచ్చాడు. ఎడమ చెయ్యి పడిపోవాలని చెబితే ఉత్సాహంలో రెండు కాళ్లు, రెండు చేతులు పడేసుకున్నాడు.

స్టాప్‌వాచ్ నా చేతిలో. సీటీకి వెళ్లేది లేటవుతుందని అనుకున్నాం, లిఫ్టు దగ్గర కొంత పోయింది కూడా. కానీ అసలు పోయింది రెండు చోట్ల. ఒకటి, రక్తపరీక్షలన్నీ వచ్చేదాకా మందు కలపకూడదని ఫార్మసీ పిల్లవాడు పట్టుబట్టాడు. నిజానికి మందుకి ముందు తప్పకుండా కావాల్సిన పరీక్ష షుగర్ ఒక్కటే. రక్తం పలచన చేసే మందులు వాడే వాళ్లయితే వేరే సంగతి.

రెండోది, బరువు. గడ్డ కరిగించే మందు ఆల్టెప్లేజ్ కిలోకి 0.9 మిల్లీగ్రాములు, ఎంత లావు మనిషికైనా 90 దాటకూడదు. 62 కిలోల మనిషికి 55.8. అందులో పదోవంతు ఒక్క నిమిషంలో, మిగతాది గంట పాటు ఎక్కించాలి. పడుకుని ఉన్న మనిషిని తూచేదెలా? "ఒక డెబ్బై ఉంటాడు" అన్నారు ఒకరు, "లేదు, అరవై" అన్నారు ఇంకొకరు. పది కిలోల తేడా అంటే 9 మిల్లీగ్రాముల తేడా. తక్కువైతే గడ్డ కరగదు, ఎక్కువైతే రక్తస్రావం. వార్డు బాయ్ కళ్లు తెరిచి "యాభై ఎనిమిది మేడం" అన్నాడు. నిజం పేషెంటు అలా లేచి చెప్పడు.

తూకం వేసే మంచాలు లక్షల్లో ఉన్నాయి, అది మా వల్ల కాదు. కిచెన్ స్టోర్‌లో బియ్యం బస్తాలు తూచే ప్లాట్‌ఫాం తూకం ఒకటి గుర్తొచ్చింది. ట్రాలీ ఎక్కిస్తే ముందు చక్రాలు ఎక్కాయి, వెనక చక్రాలు కిందే ఉండిపోయాయి. ప్లైవుడ్ పలక వేస్తే వంగింది. ఆఖరికి మెయింటెనెన్స్ మేస్త్రీ, ఆయనది హిందూపురం, ఇనుప రేకు వెల్డింగ్ చేసి నాలుగు చక్రాలు పట్టేలా పీఠం చేశాడు, ఎక్కడానికి చిన్న వాలు కూడా పెట్టాడు. ట్రాలీ ఖాళీ బరువు పక్కన ఎర్ర పెయింటుతో రాశాం: 46. మొత్తంలోంచి 46 తీసేస్తే మనిషి. ప్రాజెక్టులో ఇప్పటిదాకా నాకు బాగా నచ్చిన వస్తువు ఇదే.

హెల్సింకి ఆసుపత్రి సంగతి డాక్టరు గారు మళ్లీ చెప్పారు. 1998లో పేషెంటు గేటులోకి వచ్చాక మందు పడటానికి వాళ్లకి 105 నిమిషాలు పట్టేది, 2011కి 20 నిమిషాలకి తెచ్చారు. కొత్త మిషన్లు కొని కాదు. అంబులెన్సు ముందే ఫోన్ చేస్తుంది, పేషెంటు క్యాజువాలిటీ మంచం ఎక్కకుండా నేరుగా సీటీ గదికి వెళతాడు, మందు సీటీ టేబుల్ మీదే మొదలవుతుంది. వాళ్లకి పదమూడేళ్లు పట్టింది. మాకింకా నెల కూడా కాలేదని నన్ను నేను ఓదార్చుకున్నాను.

జూలై 6, ఆదివారం

లేబర్ షెడ్లు. శనివారం బట్వాడా, అంటే కూలి డబ్బులిచ్చే రోజు కాబట్టి ఆదివారం పొద్దున పదింటికి అందరూ ఉంటారు, సగం మంది తల పట్టుకుని ఉంటారు. రేకుల షెడ్డు, లోపల కుక్కర్ విజిళ్లు. ముదిగుబ్బ, తనకల్లు, మదనపల్లె, రాయచూరు వైపు వాళ్లు.

తాగే మందు గురించి చెప్పడానికి వెళితే ముందు నీతులు చెబుతామని అనుకుంటారు. అందుకని ఛార్టులు తీసుకెళ్లలేదు. రంగు నీళ్లు, ప్లాస్టిక్ గ్లాసులు, ఖాళీ నైంటీ ప్యాకెట్టు, క్వార్టర్ సీసా, పెద్ద బీరు సీసా తీసుకెళ్లాం. 30 మిల్లీలీటర్ల విస్కీలో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. దాన్నే ఒక డ్రింకు కింద లెక్కేస్తారు. గ్లాసుకో డ్రింకు చొప్పున నైంటీ పోస్తే మూడు గ్లాసులు నిండాయి. క్వార్టర్ పోస్తే ఆరు.

"నేను బీరే కదా తాగేది" అన్నాడు ఒక పెయింటర్. అది స్ట్రాంగ్, సీసా మీద 8 శాతం అని ఉంది. 650 మిల్లీలీటర్లలో 8 శాతం అంటే 52. మిల్లీలీటరు ఆల్కహాల్ తూగేది 0.79 గ్రాములు, కాబట్టి 41 గ్రాములు. నాలుగు గ్లాసులు పోసి ఆయన ముందు పెట్టాను. కాసేపు వాటినే చూసి, "అయితే నైంటీనే నయం కదా మేడం" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చెప్పను, లెక్క ప్రకారం ఆయన మాట తప్పు కాదు.

బీపీ పెరగడం, గుండె లయ తప్పి గడ్డలు కట్టడం, మెదడులో నరం చిట్లడం, ఈ మూడు దారుల్లోనూ మందు స్ట్రోక్ దగ్గరికి తీసుకెళుతుందని చెప్పాను. విన్నారు. ఒక పెద్దాయన మాత్రం "ఒళ్లు నొప్పులకి తాగేది తల్లీ. సిమెంటు బస్తా మూడో అంతస్తుకి నువ్వు మోస్తే నువ్వూ తాగుతావు" అన్నాడు. దానికి నా దగ్గర గ్లాసు లేదు.

వాళ్లు కళ్లు పెద్దవి చేసుకుని విన్నది మాత్రం తాగినవాడికీ స్ట్రోక్ వచ్చినవాడికీ తేడా ఎలా పట్టాలనే దగ్గర. మత్తు రెండు పక్కలా ఒకేలా ఉంటుంది. రెండు చేతులూ తూలతాయి, రెండు కాళ్లూ తూలతాయి. పక్షవాతం మామూలుగా ఒక పక్కనే పట్టుకుంటుంది. నవ్వమంటే మూతి ఒక పక్కకి పోతుంది. రెండు చేతులూ ముందుకి చాపి కళ్లు మూసుకోమంటే ఒక చెయ్యి మెల్లగా కిందికి జారుతుంది. ఇద్దరు కుర్రాళ్లని నిలబెట్టి చేయించాను. రాత్రి మందు దిగని ఒకతను రెండు చేతులూ వణికిస్తూ "నాకు రెండు పక్కలా ఉంది, అంటే మందే" అని తీర్పు చెప్పేశాడు.

ఇది నూటికి నూరు నమ్మే సూత్రం కాదు. చిన్నమెదడులో స్ట్రోక్ వస్తే అచ్చం తాగినట్టే ఉంటుంది: తూలుడు, వాంతి, ఒకటి రెండుగా కనపడటం. అందుకే తాగకుండా తూలినా, రోజూ తాగేదానికంటే వేరేగా తూలినా ఫోన్ చెయ్యమన్నాం.

ఆడవాళ్లు ఒక కొత్త సంగతి చెప్పారు. మత్తు దిగడానికి మజ్జిగో నిమ్మరసమో నోట్లో పోస్తారట. అవునవునని అన్ని వైపుల నుంచీ తలలు ఊగాయి. గుటక పడని మనిషికి మజ్జిగ పోస్తే అది ఊపిరితిత్తుల్లోకే పోతుంది, మూడో రోజుకి న్యుమోనియా. స్ట్రోక్ గుర్తులు రాసి మేం పంచే కార్డులో ఈ ముక్క లేనే లేదు. ఇప్పుడు అదే మొదటి లైను: నోట్లో ఏమీ పొయ్యొద్దు.

జూలై 18, శుక్రవారం

మాట పరీక్ష దగ్గర తప్పు చేశాం. ఆ తప్పు నా తెలివితేటలది.

ముఖం, చెయ్యి, మాట, టైము అని కార్డు వేశాం. మాట దగ్గర ఏం చెప్పించాలి? తెలుగువాళ్లందరికీ నోటికొచ్చే మాట కావాలని "ఏడుకొండలవాడా, వెంకటరమణా, గోవిందా" అని పెట్టాను. షెడ్లలో హిట్ అయింది. సాయిబుల ఇళ్లకి వారాల పేర్లు పెట్టాం, ఆది, సోమ, మంగళ అని. అందరూ మెచ్చుకున్నారు.

న్యూరాలజిస్టు గారు కార్డు చూసి నవ్వారు. "సిస్టర్, మాట పడిపోయినవాళ్లకి కూడా చివరిదాకా మిగిలేది ఇదే" అన్నారు. మెదడులో మాట తయారయ్యే చోటు దెబ్బతిన్నా, చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చినవి, దేవుడి పేర్లు, అంకెలు, వారాలు, తిట్లు, పాటలు చాలామందికి దొర్లుకుంటూ వచ్చేస్తాయట. మంచినీళ్లు కావాలని అడగలేని మనిషి గోవిందా అని గట్టిగా అనగలడు. అంటే నా పరీక్ష పాసైన పేషెంటుని ఇంట్లో పడుకోబెట్టేసేవాళ్లు.

కొత్త వాక్యం కావాలి, నోటికి అలవాటు లేనిది, అయినా తేలికైనది. నలుగురం కూర్చుని పెట్టింది: "రేపు పొద్దున మా ఊరి బస్సులో కిటికీ పక్కన కూర్చుంటాను." చెప్పింది చెప్పినట్టు తిరిగి అనాలి. తాగినవాడు ముద్దగా అయినా ముక్క వదలకుండా అంటాడు చాలాసార్లు. స్ట్రోక్‌తో మాట పోయినవాడు ముక్కలు వదిలేస్తాడు, వేరే మాట అంటాడు, లేదా మన మొహం చూస్తూ ఉండిపోతాడు. పాత కార్డులు షెడ్ల నుంచి వెనక్కి తెప్పించడానికి రెండు ఆదివారాలు పట్టింది. కొందరు వాటిని దేవుడి పటం పక్కన అంటించుకున్నారు, పీకడానికి ఒప్పుకోలేదు. వాటి మీద కొత్త వాక్యం స్టిక్కర్ వేసి వచ్చాం.

ఆగస్టు 9, శనివారం

నిన్న వరలక్ష్మీ వ్రతం. వార్డులో సగం మంది సెలవు. రాత్రి మూడింటికి ఆరో బెడ్డు పేషెంటు డ్రిప్ పీకేసి "బస్సు ఆపండి, దిగాల" అని అరుస్తూ మంచం దిగబోయాడు. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, దుప్పటి మీద లేని పురుగుల్ని ఏరుతున్నాడు. చిన్న స్ట్రోక్‌తో మూడు రోజుల కిందట చేరిన మనిషి. డ్యూటీలో ఉన్న కొత్త సిస్టర్ స్ట్రోక్ ముదిరిందనుకుని మళ్లీ సీటీకి రాయించింది. స్కాన్‌లో కొత్తగా ఏమీ లేదు.

ఇది తాగుడు ఆగిపోయినందుకు వచ్చిన డెలీరియం, అంటే మతి చెదిరిపోవడం. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మొదటి రోజే వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు దాటాక ఇలా. కేసు షీటులో "మద్యం: లేదు" అని ఉంది. భార్యని పక్కకి తీసుకెళ్లి అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మీ కాగితంలోనే రాసినారు కదక్కా, తాగితే ఇది వస్తాదని. తాగుతాడని చెప్తే సరిగా చూడరేమోనని చెప్పలేదు" అంది.

ఆ కాగితం మాదే. జూలైలో షెడ్లలో పంచింది. "మద్యం తాగేవారికి పక్షవాతం ముప్పు" అని పెద్దక్షరాలు. భయపెడితే మానేస్తారనుకున్నాం, దాచిపెట్టారు. నా ట్రయాజ్ షీటులో స్ట్రోక్ బదులు మందు కనపడింది, ఇక్కడ ఉన్న మందే కనపడలేదు. వాసన వస్తే అన్నీ దానికే అంటగడతాం, రాకపోతే అడగనే అడగం.

మార్చినవి: కాగితం తీసేశాం. అడ్మిషన్‌లో "తాగుతారా?" అనే ప్రశ్న కొట్టేశాం. దాని బదులు డబ్ల్యూహెచ్‌వో వాళ్లు మద్యం అలవాటు కొలవడానికి పెట్టిన ఆడిట్ ప్రశ్నావళిలోని మొదటి మూడు ప్రశ్నలు: ఎన్నాళ్లకొకసారి, తాగిన రోజు ఎంత, ఒకేసారి ఆరు డ్రింకులు, అంతకన్నా ఎక్కువ తాగేది ఎన్నిసార్లు. షుగర్ ఉందా, బీపీ ఉందా అని అడిగే గొంతుతోనే అడగాలి. ముందు ఒక మాట చేర్చాం: "చెబితే వైద్యం తగ్గించం, ఏ మందు ముందు ఇవ్వాలో తెలుస్తుందని అడుగుతున్నాం." నిజం కూడా అదే. బాగా తాగే మనిషికి గ్లూకోజ్ ఎక్కించేటప్పుడు థయామిన్ ముందు పడాలి, లేకపోతే ఆ విటమిన్ కరువుతోనే మెదడు ఇంకో విధంగా దెబ్బతింటుంది. ఇది నర్సింగ్ స్కూల్లో చదివిందే. వార్డులో ఎవరు గుర్తు పెట్టుకున్నారో చూద్దామని అడిగాను. జవాబు చెప్పిన ఇద్దరూ పోయినేడు పాసైన పిల్లలే, సీనియర్లం మౌనం.

సెప్టెంబర్ 2, మంగళవారం

శనివారం రాత్రి సంగతి. తీరిగ్గా రాయాలని దాచుకున్నాను.

10:20కి ఫోన్. షెడ్ల మేస్త్రీ. "మేడం, పెయింటరు. తాగినాడు. కానీ బస్సు కిటికీ అనలేకపోతున్నాడు." ఆ వాక్యం వినగానే నాకు కుర్చీలోంచి లేవాలనిపించింది. 10:48కి గేటు దాటారు. సెక్యూరిటీ ఆయన ఈసారి తనే ట్రాలీ తెచ్చాడు. షుగర్ 112. నేరుగా సీటీ. రక్తస్రావం లేదు.

ఇక అసలు చిక్కు, టైము. చివరిసారి బాగున్నది ఎప్పుడు? తీసుకొచ్చిన ముగ్గురు మూడు మాటలు చెప్పారు. ఒకరు అన్నం టైం అన్నారు, ఇంకొకరు చీకటి పడ్డాక అన్నారు. గడియారం చూసుకుని బతికే పనులు కావు వాళ్లవి. డాక్టరు గారు తల పట్టుకున్నారు. మధ్యాహ్నం నుంచి అయితే మందు ఇవ్వకూడదు.

మేస్త్రీయే పేషెంటు జేబులోంచి ఫోన్ తీసి ఆయన వేలే లాక్ మీద పెట్టాడు. ఎమ్మార్పీ షాపులో, అంటే మందు షాపులో చేసిన యూపీఐ చెల్లింపు: 7:52. అంటే అప్పటికి వేళ్లు పిన్ కొట్టాయి. అది చాలదు, ఎవరైనా చేతికి ఫోన్ తీసుకుని కొట్టి ఉండొచ్చు. కాల్ లిస్టులో 8:15కి ఊళ్లో తల్లికి ఆరు నిమిషాల కాల్ ఉంది. అర్ధరాత్రి అవుతుండగా ఆ తల్లికి ఫోన్ చేసి, భయపెట్టకుండా, కొడుకు మాట ఎలా ఉందో అడగాలి. ఆ పని నా మీద పడింది. "బాగానే మాట్లాడినాడు తల్లీ, వినాయకుడి నిమజ్జనానికి వస్తానన్నాడు. ఏమైంది?" అంది. చెప్పాను.

8:21 అని రాసుకున్నాం. బీపీ 196/112 ఉంది, 185/110 కిందికి రాందే మందు ఎక్కించకూడదు. లాబెటలాల్ రెండు డోసులు. ట్రాలీ తూకం మీద 109, తీసేయ్ 46, అరవై మూడు. 11:36కి మందు మొదలైంది. ఇంకా గంటా పావు మిగిలి ఉంది. గేటు నుంచి 48 నిమిషాలు. హెల్సింకి కాదు, కానీ మా డ్రిల్ కంటే నయం.

పొద్దున మంచినీళ్ల పరీక్షకి నేనే ఉన్నాను. ముందు చెంచా చెంచా. గొంతు మీద రెండు వేళ్లు పెట్టి గుటక పడుతోందో చూస్తాం. దగ్గు వస్తుందా, మాట తడిగా గరగరమంటుందా అని చూస్తాం. రాకపోతే 90 మిల్లీలీటర్లు ఆపకుండా తాగించాలి. 90 కొలిచి గ్లాసులో పోస్తుంటే ఆయన దాన్ని చూసి, ఇంకా కాస్త వంకరగా ఉన్న మూతితోనే, "నైంటీ" అన్నాడు. దగ్గు రాలేదు.

కాలు వచ్చేసింది. మాట చాలావరకు వచ్చింది. కుడిచేతి పట్టు రాలేదు. పెయింటరుకి కుడిచేతి పట్టు అంటే కూలి. ఫిజియోథెరపీ షెడ్డు దాకా ఎలా వెళ్లాలన్నది ఈ ప్రాజెక్టులో ఎక్కడా రాయలేదని అప్పుడు గమనించాం.

సెప్టెంబర్ 21, ఆదివారం

బాగేపల్లి వైపు ట్రైనింగు. అక్కడ దీన్ని లక్వ కొట్టడం అంటారు, కార్డులో మార్చాం. పావురం రక్తం రాయడం ఇంకా ఉందని అక్కడి ఆశా అక్కలు చెప్పారు. వాదించొద్దు, ముందు 108 ఎక్కించమనండి, పావురం సంగతి తర్వాత చూసుకోవచ్చు అన్నాను. వాళ్లకి నచ్చింది.

ఇకనుంచి బుధవారం మధ్యాహ్నం వీడియోలో కలుస్తాం. పాఠం పది నిమిషాలే, మిగతాదంతా వాళ్లు తెచ్చిన ఒక కేసు. ఇది ఎకో పద్ధతి. న్యూ మెక్సికోలో సంజీవ్ అరోరా అనే డాక్టరు 2003లో హెపటైటిస్ సి కోసం మొదలుపెట్టారు. మన బెంగళూరు నిమ్హాన్స్ (మానసిక, నరాల వైద్య సంస్థ) వాళ్లు అదే పద్ధతిలో దూరపు ఊళ్ల డాక్టర్లకి మద్యం వ్యసనం చికిత్స నేర్పుతున్నారు. మొదటి కేసు మేమే ఇచ్చాం, నా ట్రయాజ్ షీటు. పేరు కొట్టేసి తెర మీద పెట్టాను. తాలూకా డాక్టరు గారు కాసేపు ఆగి, "ఇలాంటివి మా దగ్గర రెండున్నాయి" అన్నారు. ఆ తర్వాత మాటలు తేలిగ్గా సాగాయి.

అక్టోబర్ 29, బుధవారం

ప్రపంచ స్ట్రోక్ దినం. బ్యానర్, నడక, ఫొటోలు. టోపీలు మిగిలిపోయాయి.

రాత్రి 9:10కి మేస్త్రీ ఫోన్. ఈసారి ఒక ముసలాయన, కూలీ కాదు, షెడ్ల వాచ్‌మన్. ఎడమ చెయ్యి జారుతోంది, మాట రావడం లేదు, మందు వాసన ఉంది. బయల్దేరేశాం అన్నాడు. గేటు దగ్గర టీమ్ అంతా నిలబడ్డాం, సీటీ టేబుల్ ఖాళీ చేయించాం. దించగానే వేలికి గుచ్చితే షుగర్ 38. పొద్దున షుగర్ మాత్ర వేసుకున్నాడు, పగలంతా ఏమీ తినలేదు, సాయంత్రం నైంటీ పడింది. షుగర్ అంతలా పడిపోతే ఒక పక్క పడిపోయినట్టు కూడా కనిపిస్తుంది. చిన్న సిస్టర్ నేను చెప్పకముందే థయామిన్ లాగుతోంది. వెంటనే డెక్స్ట్రోజ్, అంటే గ్లూకోజే. పది నిమిషాల్లో లేచి కూర్చుని చెప్పులేవని అడిగాడు.

మేస్త్రీ మొహం చిన్నబోయింది. "స్ట్రోక్ కాదా మేడం? ఊరికే అందర్నీ పరిగెత్తించినాను" అన్నాడు. ఇలాగే వంద సార్లు చెయ్యి అన్నా, ఇంకో గంట ఆలస్యమైతే ఈయన లేచేవాడు కాదు అని చెప్పాను. సరేనన్నాడు గానీ కదల్లేదు. ఇంకేదో ఉంది మనసులో. చివరికి అడిగాడు. అంబులెన్సు దూరంలో ఉందంటే ఆటోలో తెచ్చాడట. 340 రూపాయలు. శనివారం దాకా బట్వాడా లేదు.

అకౌంట్స్‌కి ఫోన్ చేశాను. ప్రాజెక్టు బడ్జెట్‌లో టోపీలకి పద్దు ఉంది, ఆటోకి లేదు. ఈ రాత్రికి నా పర్సులోంచి ఇచ్చాను. రేపు పదకొండింటికి మీటింగు, మొదటి అంశం ఇదే.